రెండో బకెట్

ఖాళీ ఇంట్లో ఎవరో వేణ్ణీళ్ళ కుళాయి తిప్పారు.

ఫోన్ తెర మీద ఆ కబురు చూడగానే ఉపేంద్ర చేతిలోని శాండ్‌విచ్ నోటిదాకా వెళ్ళకుండా ఆగిపోయింది. పిల్‌బరా ఎర్రదుమ్ములో, ఇనుప గని కంట్రోల్ రూమ్ పక్కన ఉన్న భోజనాల గదిలో కూర్చుని ఉన్నాడతను. ఆస్ట్రేలియాకి ఈ చివర గని, ఆ చివర ఇల్లు. మెల్‌బోర్న్ దాటి గంటన్నర పోతే వచ్చే బాలరాట్, చలికి పేరుమోసిన ఊరు. ఆ ఇంటికి తాళం వేసి వచ్చి వారమైంది.

తాళంచెవులు రెండే. ఒకటి అతని బ్యాగులో ఉంది. రెండోది లాస్య దగ్గర.

"ఏంట్రా తమ్ముడూ, లాటరీ గానీ తగిలిందా?" ఎదురుగా కూర్చున్న బాలమురళి అడిగాడు. అదే గనిలో సీనియర్ ఇంజినీరు. సంసారం పెర్త్ నగరంలోని పియారా వాటర్స్ పేటలో. ఊరు గుంటూరు. ఎవరి ముఖంలో ఏం మారినా పసిగట్టేస్తాడు.

"ఏం లేదన్నయ్యా."

"ఏం లేనోడి మొహం అట్టా వెలగదులే. తిను. బ్రెడ్డు ఎండిపోతుంది."

ఉపేంద్ర ఫోన్‌ని బోర్లా పెట్టాడు. మళ్ళీ తిప్పాడు. కబురు అలాగే ఉంది. ఆదివారం మధ్యాహ్నం. వేణ్ణీళ్ళు వాడారు.

లాస్య వచ్చింది.

* * *

లాస్య అతని భార్య. పళ్ళ డాక్టరు. కాకినాడ పిల్ల. నిరుడు చలికాలం చివర్లో ఒక సూట్‌కేసు సర్దుకుని, అదే ఊళ్ళో ఆసుపత్రి పక్కన యూనిట్ అని పిలిచే చిన్న వాటా అద్దెకు తీసుకుని వెళ్ళిపోయింది. కారణం ఎవరికైనా చెబితే నవ్వుతారు. గీజరు.

పాత గీజరు, అక్కడ చలి మొదలయ్యే జూన్‌లో చెడిపోయింది. అప్పుడు ఉపేంద్ర గనిలో ఉన్నాడు. రెండు వారాలు గని, ఒక వారం ఇల్లు, అదీ అతని బతుకు. "ఎవర్నీ పిలవకు, నేనొచ్చి చూస్తాను" అన్నాడు. వచ్చాడు, విప్పాడు, ఏదో పార్టు తెప్పించాలన్నాడు, మళ్ళీ విమానం ఎక్కేశాడు. ఆ పార్టు వచ్చింది, సరిపోలేదు. ఇంకోటి తెప్పించాడు. కొండంత యంత్రాలను నడిపే మనిషి, ఇంట్లో గీజరుకి మెకానిక్‌ని పిలవడం అతనికి నామోషీ.

లాస్య ఆ చలికాలమంతా స్టవ్ మీద పెద్ద గిన్నెతో నీళ్ళు కాచుకుంది. ఒక పొద్దున బాత్‌రూమ్‌కి మోసుకెళ్తుంటే గిన్నె జారి పాదం మీద పడింది. ఫోన్ చేసింది. అప్పుడు ఉపేంద్ర అన్న మాట అతనికి ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఇప్పుడే ట్రాకింగ్ చూశాను, పార్టు గురువారం వచ్చేస్తుంది."

ఆమె మెల్లగా, "నీళ్ళు చల్లగా ఉన్నాయని కాదు ఉపేంద్రా. చల్లగా ఉన్నాయని చెప్పుకోడానికి ఇంట్లో మనిషి లేడు" అంది.

అతను తిరిగి వచ్చేసరికి ఆమె లేదు. తాళంచెవి మాత్రం తిరిగి ఇవ్వలేదు. అతనూ అడగలేదు. ఆ తాళంచెవి మీదే ఇన్ని నెలలూ ఆశ పెట్టుకుని బతుకుతున్నాడు.

* * *

కొత్త బాయిలర్ ఈస్టర్ దాటాక వచ్చింది. ఈసారి అతను స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. భార్గవ్‌ని పిలిచాడు.

భార్గవ్ కరీంనగర్ కుర్రాడు. ఐటీ మాస్టర్స్ చేయడానికి వచ్చి, అది సగంలో వదిలేసి, గ్యాస్ ఫిట్టర్ అయ్యాడు. ఆ సంగతి అడక్కముందే చెబుతాడు.

"కోడ్ రాసెటోళ్ళు గల్లీకి పదిమంది ఉన్నరన్నా. గ్యాస్ లైసెన్స్ ఉన్న తెలుగోడు మాత్రం ఈ ఊర్ల నేనొక్కణ్నే. మన ఆంటీలందరు నాకే ఫోన్ జేస్తరు. మొన్న ఒకామె బాయిలర్‌కి పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ తెచ్చి నా చేతిల పెట్టింది. కొట్టు నాయనా అని. గ్యాస్ పైపు మీద కొట్టాల్నా ఏంది?"

బాయిలర్ బయట, బాత్‌రూమ్ గోడకు బిగించాడు. తెల్లటి పెట్టె. లోపల నీళ్ళ ట్యాంకు లేదు. కుళాయి తిప్పగానే నీళ్ళు దాని గుండా పారుతూ అప్పటికప్పుడు వేడెక్కుతాయి. గదులను వెచ్చబరచడానికి గోడలకున్న రేడియేటర్లకూ అదే వేడి. ముందు వాటన్నింటినీ నీళ్ళతో నింపి, చిన్న తాళంచెవి లాంటిదానితో ఒక్కోదాంట్లోంచి గాలి వదిలాడు. బుస్సుమని గాలి, ఆ వెనక నల్లటి నీళ్ళు. ప్రెషర్ ముల్లు ఆకుపచ్చ గీతలోకి రాగానే గ్యాస్ తెరిచాడు. మంట అంటుకున్నాక పొగ గొట్టంలో ఒక మీటరు పెట్టి, మంట ఎలా మండుతోందో చూసుకుని తలూపాడు. తరవాత ఒక్కో కుళాయీ తిప్పుకుంటూ బాత్‌రూమ్‌లోకి వచ్చి ఆగిపోయాడు.

"గీ గొట్టమేంది అన్నా? టబ్బుల కారు కడుగుతరా?"

టబ్బు పైన వేణ్ణీళ్ళకొకటి, చన్నీళ్ళకొకటి రెండు కుళాయిలు. రెండూ కలిసి ఒక పొడుగాటి గొట్టంలోకి. గొట్టం చివర నొక్కే మీట. అది లాస్య కోసం ఉపేంద్ర బిగించినదే. లాస్య షవర్ కింద నిలబడదు. రెండు కుళాయిలూ కొంచెం కొంచెం తిప్పి, తన ఒంటికి సరిపడేలా ఒక్కసారి నీళ్ళు కలిపి పెట్టుకుంటుంది. ఇక వాటిని ముట్టుకోదు. బకెట్ నింపడానికీ ఆపడానికీ చివరి మీటే.

"బకెట్ స్నానం కోసం" అన్నాడు ఉపేంద్ర.

భార్గవ్ పకపకా నవ్వాడు. "మా అమ్మ గూడ గంతే. షవర్ కింద నిలబడితే వాన్ల తడిసినట్టుంటదట గాని, స్నానం జేసినట్టుండదట. వదిన ఊర్ల లేదా?"

"పని మీద..." అని ఊరుకున్నాడు ఉపేంద్ర.

భార్గవ్ నీళ్ళు పట్టి చూసి, రెండు కుళాయిలనూ గట్టిగా కట్టేశాడు. "గివి రెండు కట్టేసే ఉంచున్రి. సరేనా?" ఉపేంద్ర తలూపాడు. అతను షవరే వాడతాడు, ఆ కుళాయిల జోలికి పోడు.

చివరగా ఫోన్‌లో యాప్ ఎక్కించాడు భార్గవ్. ఇంట్లో వేడి ఎంత ఉండాలో గనిలో కూర్చుని మార్చుకోవచ్చు. బాయిలర్ వేణ్ణీళ్ళు కాచిన ప్రతిసారీ కబురు వస్తుంది.

"ఇల్లు ఖాళీగుంటది గద, ఏడన్న లీకైతే ఎర్కైతది. హీటింగ్ బందుంటే, కుళాయి తిప్పితెనే గీని మంట అంటుకుంటది. తిప్పకపోతె అంటుకోదు. మంట అంటుకున్నదంటే ఇంట్ల మనిషున్నట్టే, సమజైందా?"

ఆ మాట ఉపేంద్ర చెవిలో ఉండిపోయింది. భార్గవ్ వెళ్ళాక లాస్యకు మెసేజ్ పెట్టాడు. 'కొత్త బాయిలర్ పెట్టించాను. నీ చలి బట్టలు ఇక్కడే ఉన్నాయి. ఎల్లుండి గనికి వెళ్తున్నాను. ఎప్పుడైనా వచ్చి తీసుకో.'

చాలా గంటల తరవాత జవాబు వచ్చింది. 'సరే.'

* * *

ఆదివారం ఒక్కరోజుతో ఆగి ఉంటే ఉపేంద్ర అంతగా పొంగిపోయేవాడు కాదు. బట్టల కోసం వచ్చి ఉంటుంది, చేతులు కడుక్కుని ఉంటుంది అనుకునేవాడు.

మంగళవారం పొద్దున గని క్యాంటీన్‌లో ఉప్మా లాంటిదేదో తింటుండగా ఫోన్ మళ్ళీ కదిలింది. బాలరాట్‌లో అప్పుడు ఏడు. వేణ్ణీళ్ళు వాడుతున్నారు.

లాస్య క్లినిక్ ఎనిమిదింటికి తెరుస్తుంది. స్నానం ఏడింటికి.

గురువారం పొద్దున మళ్ళీ. శనివారం మళ్ళీ.

ఫోన్ చేద్దామని ఎన్నోసార్లు ఆమె పేరు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. చేస్తే ఏమంటాడు? నువ్వు స్నానం చేస్తున్నావని నాకిక్కడ తెలుస్తోంది అంటాడా? ఆ మాట వింటే మళ్ళీ ఆ గడప తొక్కదు. పిట్ట కిటికీలో వాలినప్పుడు మనిషి కదలకుండా నిలబడతాడే, అలా ఉండిపోయాడు.

కదలకుండా చేయగలిగింది ఒకటి కనిపించింది. యాప్ తెరిచి, ఏడు కాకముందే రేడియేటర్లు వెలిగేలా పెట్టాడు. హాల్లో, పడగ్గదిలో. లాస్య పాదాలు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి. మంచం దిగీ దిగగానే నేల చల్లదనానికి "అబ్బా" అని ఒక్క గెంతు గెంతేది. మర్నాడు ఒక డిగ్రీ పెంచాడు. ఆ మర్నాడు ఇంకొకటి. వేల మైళ్ళ అవతల ఇల్లు వెచ్చబడుతుంటే ఆ అంకెలు మారడం చూస్తూ టీ తాగేవాడు. టీ చల్లారిపోయేది.

ఒక పొద్దున బాలమురళి వెనక నుంచి తొంగిచూశాడు.

"ఇదేంట్రా? ఇంట్లో ఎవరూ లేరు, హీటింగు ఇరవై రెండా? బల్లులకి చలేస్తోందా?"

ఉపేంద్రకు చెప్పక తప్పలేదు. విన్నంతసేపూ బాలమురళి కప్పులో చెంచా తిప్పుతూనే ఉన్నాడు.

"మరి ఫోన్ చేసి అడగొచ్చుగా?"

"అడిగితే రాదన్నయ్యా."

"అడక్కపోతే వస్తుందా? వచ్చేది నీళ్ళకా, నీకా?" అని, అతని ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నిన్ను ఏడిపించాలని కాదురా. మొన్న ఆ కన్వేయర్ దానంతటదే ఆగుతుంటే నువ్వు ముందుగా ఏం అడిగావు? రోజూ ఒకే టైమ్‌కే ఆగుతుందేంటి అని. ఇదీ రోజు తప్పించి రోజు, ఒకే టైమ్‌కేగా? మనిషన్నాక ఒకరోజు లేటవదా?"

లాస్య ఎప్పుడూ లేటవదని చెప్పాడు ఉపేంద్ర. యంత్రంలో చిన్న తేడా వచ్చినా వాసన పట్టడం అతని ఉద్యోగం. ఈ ఒక్క విషయంలో పట్టదలచుకోలేదు.

* * *

సోమవారం సాయంత్రం ఇంటికి చేరాడు.

కారుని ఇంటి ముందు ఆపలేదు. పక్క వీధిలో పెట్టి, బ్యాగు భుజాన వేసుకుని దొంగలా నడిచి వచ్చాడు. కారు కనబడితే ఆమె రేపు లోపలికి రాదు.

ఇల్లంతా వెతికాడు. సింకులో కప్పు లేదు. దువ్వెనలో వెంట్రుక లేదు. మంచం మీద దుప్పటి అతను పరిచిన మడతల్లోనే ఉంది. అలమరలో ఆమె చలికోటు కనబడలేదు, మిగతా బట్టలు కదల్లేదు. బాత్‌రూమ్‌లో టబ్బు పొడిగా ఉంది, పక్కన బకెట్ బోర్లించి ఉంది. ఎప్పుడూ అలా బోర్లించే ఉంటుందా? గుర్తు రాలేదు. వచ్చిన జాడ తెలియనివ్వకుండా సర్దేసి వెళ్తోందనుకున్నాడు. ఆ ఊహ కూడా తియ్యగానే ఉంది.

మంగళవారం పొద్దున ఏడు అవుతుండగా, చిన్న చప్పుడైనా వినబడేలా రేడియేటర్లు కట్టేసి, వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తలుపు తెరుచుకుంటే ఏమనాలో మనసులో చాలా అనుకున్నాడు. ఒక్కటీ బాగా లేదు.

తలుపు తెరుచుకోలేదు.

కానీ గోడ అవతల బాయిలర్ 'భగ్గు'మంది. సన్నటి ఈల లాంటి ఫ్యాను చప్పుడు. జేబులో ఫోన్ కదిలింది. వేణ్ణీళ్ళు వాడుతున్నారు.

ఒక్క ఉదుటున బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు. ఏ కుళాయి లోంచీ చుక్క కారడం లేదు. అవతల మాత్రం మంట మండుతూనే ఉంది.

ఉపేంద్ర టబ్బు అంచు మీద కూలబడ్డాడు. భయం వేయలేదు. దయ్యమైనా బాగుండేది, ఎవరో ఒకరు ఉన్నట్టయ్యేది.

* * *

గురువారం ఏడింటికి ముందే భార్గవ్ యూట్, వెనక సామాన్ల తొట్టి ఉన్న బండి, వచ్చి ఆగింది.

"ఏది, నీ దయ్యాన్ని చూపియన్నా. లైసెన్స్ ఉన్నదా దానికి?"

ఇద్దరూ బాత్‌రూమ్ గోడ బయట, బాయిలర్ ఎదురుగా నిలబడ్డారు. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. నోట్లోంచి ఆవిర్లు. పక్కనే చిన్న మడి. లాస్య వేసిన మెంతి మడి అది. ఆమె వెళ్ళాక ఎండిపోతుంటే ఉపేంద్ర మళ్ళీ విత్తనాలు చల్లాడు, గనికి వెళ్ళినప్పుడు తడవడానికి తోట కుళాయికి ఒక టైమరు తగిలించి, నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ పెట్టాడు. వేసవిలో పెట్టిన సంగతి. దాని ఊసే మరిచిపోయాడు.

టైమరు టిక్కుమంది. స్ప్రింక్లర్ గిర్రున తిరగడం మొదలుపెట్టింది.

ఆ వెంటనే బాయిలర్ భగ్గుమంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి మెంతి మడి మీంచి ఆవిరి లేవడం మొదలైంది. తెల్లగా, మెల్లగా, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు.

భార్గవ్ స్ప్రింక్లర్ కింద చెయ్యి పెట్టాడు. "గోరువెచ్చగున్నయన్నా! మెంతికూరకి వేణ్ణీళ్ళ స్నానం జేయిస్తున్నవ్!"

లోపలికి పరుగెత్తాడు. టబ్బు పైన కుళాయిలను పట్టుకుని చూశాడు. గొట్టం మొదలు మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది.

"దొరికింది దయ్యం. గీ రెండు కుళాయిలు తెరిచున్నయ్. చివర మీట మూసి ఉన్నది గనక బయటికి చుక్క రాదు, మనకు తెల్వదు. గాని లోపల వేడిదీ చల్లదీ కలిసిపోయినయ్. తోట కుళాయి గీ చల్ల పైపు మీదికెళ్ళే ఉన్నది. గా కుళాయి గుంజితే చన్నీళ్ళతోని పాటు వేణ్ణీళ్ళు గూడ గీడికెళ్ళి అటు దుంకుతున్నయ్. బాయిలర్‌కేమెరుక? ఎవరో స్నానం జేస్తున్నరనుకుంటది." చేతులు దులుపుకున్నాడు. "నువ్వే తిప్పి మరిచిపోయినవ్."

"నేను షవరే వాడతాను."

"మరి నేను ఆనాడు నా చేతుల్తోని కట్టేసిన గద? నీకు జెప్పిన గూడ."

"చెప్పావు."

ఉపేంద్ర కుళాయిల వంక చూశాడు. వేణ్ణీళ్ళది సగం కంటే ఎక్కువ తిరిగి ఉంది. చన్నీళ్ళది చిటికెడు. ఆ చిటికెడు ఎవరి చిటికెడో అతనికి తెలుసు.

గబగబా యాప్ తెరిచి పాత కబుర్లన్నీ వెనక్కి తిప్పాడు. బాయిలర్ పెట్టిన రోజు నుంచీ స్ప్రింక్లర్ తిరుగుతూనే ఉంది. కానీ తను గనికి వెళ్ళిన మొదటి వారంలో ఒక్క కబురూ లేదు. అన్నీ ఆ ఆదివారం తరవాతే. మంగళ, గురు, శని, అన్నీ ఒకే కొలత, స్ప్రింక్లర్ తిరిగినంతసేపు. ఆదివారానిది అలా లేదు. మధ్యాహ్నం. స్ప్రింక్లర్ తిరిగే వేళ కాదు, తిరిగే రోజూ కాదు. పైగా అది ఒకటి కాదు, రెండు. ఒకసారి మంట వెలిగింది. ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ వెలిగింది.

బకెట్ నిండింది. ఖాళీ అయింది. మళ్ళీ నిండింది.

మామూలు స్నానానికి లాస్యకు ఒక బకెట్ చాలు. నూనె రాసుకుని తలంటుకుంటే రెండు కావాలి.

వచ్చింది. రోజు మార్చి రోజు రాలేదు. ఒక్కసారి వచ్చింది. తలంటుకుంది. బకెట్ బోర్లించింది. నీళ్ళు కలిపినవి కలిపినట్టే వదిలి, మీట మాత్రం మూసి వెళ్ళింది, తన ఇంట్లో చేసినట్టే.

భార్గవ్ కుళాయి మీద చెయ్యి వేశాడు.

"ఆగు!"

ఆ అరుపుకి భార్గవ్ చెయ్యి తీసేశాడు. "ఏందన్నా, షాక్ కొట్టిందా?"

"కట్టెయ్యకు. అవి అలాగే ఉండాలి. ఇంకేదైనా దారి ఉందా?"

"చేత్తోని తిప్పితే అయ్యేదానికి ఇంకో దారెందుకు?"

"ఉందా, లేదా?"

భార్గవ్ అతన్ని ఎగాదిగా చూశాడు. ఏం అర్థమైందో ఏమో, ఈసారి వేళాకోళం ఆడలేదు. "ఉన్నది. రెండు పైపులకు ఒకదిక్కే పోనిచ్చే వాల్వులు పెడత. నీళ్ళు వెనక్కి మర్లవు. గొట్టం గూడ గట్టిది ఎయ్యాలె, ఎప్పుడు ప్రెషర్ మీదుంటది గద." యూట్ వైపు నడుస్తూ వెనక్కి తిరిగాడు. "పనంత గోడ బయటికెళ్ళి జేస్తలే అన్నా. గొట్టం చివర్ల మారుస్త. కుళాయిలు ముట్ట."

* * *

ఆ సాయంత్రం ఉపేంద్ర ఫోన్ చేశాడు. మూడోసారి మోగాక ఎత్తింది.

"చెప్పు."

"ఆ ఆదివారం... నీళ్ళు సరిగ్గా కాగాయా?"

అవతల క్లినిక్‌లో ఎక్కడో డ్రిల్లు సన్నగా రొద చేస్తోంది. తలుపు వేసిన చప్పుడు, రొద ఆగింది.

"నీకెలా తెలుసు?"

"బాయిలర్ వెలిగితే నాకు ఫోన్‌లో కబురొస్తుంది. నీకు చెప్పలేదు. చెప్పాల్సింది."

"అంటే నేను స్నానం చేస్తే నీకు గనిలో గంట మోగుతుందా?" గొంతు పదునెక్కింది. "ఏంటిది ఉపేంద్రా? నేను మనిషినా, నీ కన్వేయరు బెల్టునా?"

"తీసేస్తాను."

"ఎప్పుడు? పార్టు వచ్చాకా?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. "ఇప్పుడే" అన్నాడు. ఫోన్ చెవి దగ్గర్నుంచి దించి, యాప్‌ని నొక్కి పట్టి తుడిచేశాడు. ఇన్ని రోజులూ అతన్ని బతికించిన చిన్న బొమ్మ తెర మీంచి మాయమైంది. "తీసేశాను."



"నువ్వు లేవని తెలిసే వచ్చాను" అంది.

"తెలుసు."

"కోటు తీసుకుందామని వచ్చాను. టబ్బు చూశాను. నా యూనిట్లో బకెట్ పెట్టుకునే జాగా కూడా లేదు, నిలువు షవరు. అలమరలో కొబ్బరి నూనె సీసా ఇంకా ఉంది. తలంటుకోవాలనిపించింది. అంతే. ఇంకేమీ ఊహించుకోకు."

"ఊహించుకోను" అని అబద్ధమాడాడు.

"నీళ్ళు బాగా కాగాయి" అంది, అడిగినదానికి జవాబు బాకీ ఉన్నట్టు.

"లాస్యా... కాలు ఎలా ఉంది?"

ఇది అడగాల్సిన రోజు వెళ్ళిపోయి చాన్నాళ్ళయింది.

"మచ్చ పడింది" అంది. "నొప్పి లేదు. పేషెంటు ఉన్నాడు, పెట్టేస్తున్నా."

* * *

మళ్ళీ గని. ఈసారి ఫోన్ కదల్లేదు. మంగళవారం కదల్లేదు, గురువారం కదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆమె వచ్చి ఉంటుందా? రాకపోయి ఉంటుందా? తెలుసుకునే దారిని తన చేత్తోనే మూసేశాడు. తెలియకపోవడం ఇంత బరువుగా ఉంటుందని అతను అనుకోలేదు. భోజనాల బల్ల మీద ఫోన్‌ని వెల్లకిలా పెట్టుకుని, ఏమీ రాని తెరను చూస్తూ తినేవాడు. బాలమురళి ఒక్క మాట కూడా ఎగతాళి చేయలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

జూన్‌లో గని మరమ్మతు అనుకున్నదానికంటే ముందే ముగిసింది. ఉపేంద్ర ఆదివారం పొద్దున్నే మెల్‌బోర్న్‌లో దిగి, మధ్యాహ్నానికి బాలరాట్ చేరాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు. సన్నగా వాన పడుతోంది. వానలు మొదలయ్యాక స్ప్రింక్లర్ విప్పి షెడ్డులో పడేశాడు. రేడియేటర్లన్నీ తనే కట్టేసి వెళ్ళాడు.

పక్క గేటు తీసి ఇంటి పక్కగా రెండడుగులు వేశాడో లేదో, ఆగిపోయాడు.

బాయిలర్ పొగ గొట్టంలోంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. లోపల మంట మండుతున్న సన్నటి ఈల.

స్ప్రింక్లర్ లేదు. హీటింగ్ లేదు. వాల్వుల్లోంచి నీళ్ళు వెనక్కి మళ్ళవు. ఇక మిగిలింది ఒక్కటే. మంట అంటుకుందంటే ఇంట్లో మనిషున్నట్టే.

తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. తీస్తే చాలు, కొబ్బరి నూనె వాసన వస్తుంది. కానీ ఆమె వచ్చింది అతను లేడనే ధైర్యంతో. తీశాడంటే ఇదే ఆఖరుసారి అవుతుంది. తీయకుండా వెళ్ళిపోవాలంటే కాళ్ళు రావడం లేదు.

మెంతి మడి గట్టు మీద, తడిసిన ఇటుకల మీద కూర్చున్నాడు. ఫోన్ తీసి రాశాడు. 'ఒకరోజు ముందే వచ్చాను. బయట ఉన్నాను. నీకు తెలియకుండా ఉండకూడదని చెబుతున్నాను. పొమ్మంటే పోతాను.'

పంపించాడు. వాన చినుకులు తెర మీద పడుతుంటే చొక్కాతో తుడుచుకుంటూ చూశాడు. ఒక టిక్కు. రెండు టిక్కులు.

లోపల మంట ఆగింది. బకెట్ నిండినట్టుంది. చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు గోడ అవతల నుంచి లీలగా వినబడింది. తరవాత అదీ ఆగింది.

టిక్కులు నీలంగా మారాయి. చదివింది.

ఉపేంద్ర లేచి నిలబడ్డాడు. ఇప్పుడు గడియ తీసిన చప్పుడు వస్తుంది. తడి తలతోనే కోటు వేసుకుని ముందు తలుపులోంచి వెళ్ళిపోతుంది. వీధిలో ఎక్కడో ఆమె కారు స్టార్ట్ అవుతుంది. చెవులు రిక్కించాడు. జవాబేమీ రాలేదు. గడియ కదల్లేదు. చూరు మీంచి నీళ్ళు మెంతి మడిలోకి జారుతున్నాయి. ఎంతసేపలా నిలబడ్డాడో తెలియదు.

గోడ మీద తెల్ల పెట్టె భగ్గుమంది.

ఆవిరి మళ్ళీ లేచింది. రెండో బకెట్.

ఉపేంద్ర మెల్లగా మళ్ళీ ఇటుకల మీద కూర్చున్నాడు. తలంటంటే చాలాసేపు పడుతుంది.